పాత లారీ పవర్ స్టీరింగ్ బాక్స్ లీకు: సీలు ఎందుకు పోయిందో తేల్చుకుని బాగుచేసే పద్ధతి

పోర్టులో బొగ్గు పనికి తిరిగే పది చక్రాల లారీ ఒకటి రాత్రంతా మా షెడ్డు ముందు నిలబడింది. పొద్దున్న బండి ముందుకు తీస్తే డ్రైవరు వైపు ముందు చక్రం దగ్గర నేల మీద అరచేయంత ఎర్రటి మరక. ఓనరుని పిలిచి చూపించాను. "ఏటవుద్ది మేస్త్రీ, రెండ్రోజులకోసారి అర లీటరు పోస్తన్నాం కదా" అన్నాడు. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఈ మాట తరచూ వింటాను. విన్న ప్రతిసారీ నాకు టెన్షనే.

పవర్ స్టీరింగ్‌లో ఆయిల్ రెండు పనులు చేస్తుంది. చక్రాలను తిప్పే బలం దానిదే. లోపల ఇనుము ఇనుముతో రాసుకోకుండా చూసేదీ అదే. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, మూలుగుతుంది, ఆ తర్వాత పాడైపోతుంది. ఆయిల్ మొత్తం పోయినా స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య ఇనుప లంకె ఉంటుంది కాబట్టి బండి తిరగదని కాదు. కానీ లోడు మీద ఉన్న ముందు యాక్సిల్‌ని అనంతగిరి ఘాట్ మలుపులో చేతి బలంతో తిప్పడం మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే పోసుకుంటూ తిరగడం మరమ్మతు కిందకు రాదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగే సీలు. అది ఊరికే పోదు. తుప్పో, దుమ్మో, షాఫ్ట్ తిరిగే అరిగిన బుష్షో, మూసుకుపోయిన రిటర్న్ పైపో దాన్ని పాడుచేస్తుంది. అది కనిపెట్టకుండా కొత్త సీలు కొడితే కొద్ది వారాల్లోనే మళ్లీ కారుతుంది. పని కొత్తలో నేనూ ఆ తప్పు చేశాను. ఒక బండికి ఒకే సీలు రెండుసార్లు మార్చాను. మూడోసారి షాఫ్ట్ బయటికి లాగి చూస్తేగానీ అసలు సంగతి తెలియలేదు.

బాక్సు లోపల

స్టీరింగ్ తిప్పగానే ఆ మలుపు పై షాఫ్ట్ ద్వారా బాక్సులోకి వస్తుంది. ఆ షాఫ్ట్‌కీ కింద ఉన్న మర లాంటి వార్మ్‌కీ మధ్య టార్షన్ బార్ అనే సన్నటి కడ్డీ ఉంటుంది. చక్రాలు బరువుగా ఉంటే ఆ కడ్డీ కొద్దిగా మెలి తిరుగుతుంది. ఆ కొద్ది మెలికకే వాల్వు తెరుచుకుని, పంపు నుంచి వచ్చే ఆయిల్ పిస్టన్‌కి ఒక పక్కకు చేరుతుంది. పిస్టన్ కదిలితే దాని పళ్లు సెక్టార్ షాఫ్ట్ పళ్లను తిప్పుతాయి. ఆ షాఫ్ట్ చివర డ్రాప్ ఆర్మ్ అనే చేయి, దానికి డ్రాగ్ లింక్ అనే రాడ్డు, అక్కణ్నుంచి చక్రం.

లోడుతో నిలబడిన బండి చక్రాన్ని చివరిదాకా తిప్పి పట్టుకుంటే లోపల ప్రెషర్ 100 బార్ దాటుతుంది. లారీ టైరులో మనం పట్టించే గాలికి పది రెట్లకు పైనే అనుకోండి. ఆ ప్రెషర్ పని చేస్తున్న బాక్సు నుంచి ఒక ఇనుప షాఫ్ట్ తిరుగుతూ బయటికి వస్తోంది, దాని చుట్టూ ఉన్నది రబ్బరు సీలు. షాఫ్ట్ మీద చిన్న గీత ఉన్నా ఆయిల్‌కి అది చాలు.

మన ఊళ్లో సీళ్లకు వచ్చే కష్టం

సముద్రం గాలి మొదటిది. డ్రాప్ ఆర్మ్‌కీ బాక్సుకీ మధ్య షాఫ్ట్ కొద్దిగా బయటికి కనిపిస్తుంది. ఉప్పు గాలికి అక్కడ తుప్పు మొదలై మెల్లగా సీలు అంచు కిందకు పాకుతుంది. రెండోది పోర్టు దుమ్ము. ఇనుప ఖనిజం, బొగ్గు గుండ, గ్రీజుతో కలిసి, దుమ్ము ఆపే బయటి డస్ట్ సీలు దగ్గర ముద్ద కడతాయి. అది అచ్చం వాల్వులు రుద్దే పేస్టులా షాఫ్ట్‌ని అరగదీస్తుంది. మూడోది యార్డుల్లో, కాటా దగ్గర, క్యూలలో బండి కదలకుండానే స్టీరింగ్ తిప్పే అలవాటు. సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లు నేరుగా సీలు మీద కొట్టించడం కూడా ఈ లెక్కలోదే. నీరు లోపలికి పోతుంది, తిరిగి బయటికి రాదు.

ముందు లీకు ఎక్కడో పట్టుకోండి

బాక్సు అడుగున తడి ఉందంటే అడుగు సీలు పోయిందని కాదు. ఆయిల్ పై నుంచి జారి అడుగున చుక్క కడుతుంది. తడిగా ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైది ఏదో అదే ముఖ్యం.

బాక్సుని, పైపుల్ని, రిజర్వాయర్ కింది భాగాన్ని డీజిల్ బ్రష్షుతో కడిగి, గాలి కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత మొహానికి రాసుకునే టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లండి. కొందరు ముగ్గు గుండ చల్లుతారు, అది వద్దు. ముగ్గు గుండలో రాతి రజను ఉంటుంది, సీలు అంచుకి చేరితే దాన్ని కోస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరు స్టీరింగ్‌ని అటు చివర నుంచి ఇటు చివరకు నాలుగైదు సార్లు తిప్పాలి. ఇంజన్ ఆపాక టార్చి వేసి చూడండి. పౌడర్ ఎక్కడ ముందు ఎర్రబడిందో అదే లీకు.

ఇంజన్ నడుస్తుండగా లీకు కోసం చెయ్యి పెట్టి తడమకండి. సన్నటి రంధ్రం నుంచి ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, లోపల కండ పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పైపు కనెక్షన్ల దగ్గర తడి ఉంటే కాపర్ వాషర్లు మార్చి చూడండి. అలాంటి బండ్లలో సగానికి పని అక్కడే అయిపోతుంది. పాత వాషర్ తిప్పి వేయడం వద్దు. సైడ్ కవర్ అంచున తడి ఉంటే దాని ఓ-రింగ్ లేదా ప్యాకింగ్. మధ్యలో ఉన్న అడ్జస్టింగ్ స్క్రూ నట్టు దగ్గర ఉంటే ఆ నట్టు కింది సీలు. స్టీరింగ్ రాడ్డు బాక్సులోకి దిగే చోట ఉంటే పై సీలు. డ్రాప్ ఆర్మ్ వెనక ఉంటే సెక్టార్ షాఫ్ట్ సీలు. మన దగ్గర ఎక్కువగా వచ్చేది ఈ చివరిదే, అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

సామాను

బాక్సు మీద రేకు ప్లేటు ఉంటుంది. దాన్ని తుడిచి టైపు నంబరు, పార్ట్ నంబరు ఫోటో తీసుకోండి. టాటా, లేలాండ్ పాత లారీల్లో జడ్ఎఫ్, రానే బాక్సులు ఎక్కువ కనిపిస్తాయి. ఒకే మోడల్ లారీలో కూడా రెండు రకాల బాక్సులు వచ్చి ఉండొచ్చు. కాబట్టి లారీ మోడల్ చెప్పి కిట్ అడగకండి, ప్లేటు నంబరు చూపించి అడగండి. సీలు ఒక్కటే కాకుండా మొత్తం కిట్ తీసుకోండి. పాత సీలు పట్టుకెళ్లి కొలత పెట్టి దగ్గరిది తెచ్చుకోవడం చూస్తుంటాను. ప్రెషర్ సీలు, మామూలు ఆయిల్ సీలు కొలతలో ఒకటే అయినా లోపలి తయారీ వేరు. మామూలుది మొదటి మలుపుకే బయటికి వచ్చేయొచ్చు.

డ్రాప్ ఆర్మ్ పుల్లర్, ముప్పావు అంగుళం డ్రైవు సాకెట్లు, బిగింపు కొలిచే టార్క్ రెంచ్, సర్‌క్లిప్ ప్లయర్, సీలు లాగే కొక్కెం, సీలు కొట్టడానికి సరిపోయే పైపు ముక్క, 600 నంబరు ఎమరీ, నూలు రాలని గుడ్డ ఉండాలి. కాటన్ వేస్ట్‌ని బాక్సు దరిదాపులకు రానివ్వకండి. ఒక్క పోగు వాల్వులో ఇరుక్కుంటే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది.

డ్రాప్ ఆర్మ్ ఊడదీయడం

బండి చదునైన గట్టి నేల మీద, ఖాళీగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. జాకీ మీద నమ్మకం వద్దు, యాక్సిల్ కింద స్టాండ్లు ఉండాల్సిందే. క్యాబిన్ ఎత్తే బండి అయితే దాని లాక్ పడిందో లేదో చేత్తో చూసుకోండి. బ్యాటరీ వైరు తీసేయండి.

చక్రాలు నిటారుగా ఉండేలా పెట్టి, డ్రాగ్ లింక్‌ని డ్రాప్ ఆర్మ్ నుంచి విడదీయండి. ఇప్పుడు స్టీరింగ్‌ని ఒక చివరకు మెల్లగా తిప్పి, అక్కణ్నుంచి రెండో చివరకు ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. ఐదు చుట్లు వస్తే రెండున్నర చుట్లు వెనక్కి తిప్పితే అది బాక్సు సెంటరు. ఆ స్థానంలో పై షాఫ్ట్‌కీ బాక్సు ఒంటికీ కలిపి ఒక గీత పెట్టండి. డ్రాప్ ఆర్మ్‌కీ షాఫ్ట్ కొనకీ కలిపి సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టండి. ఫ్యాక్టరీ గుర్తు ఉన్నా మీ గుర్తు వేరే ఉండాలి. తుప్పులో ఫ్యాక్టరీ గుర్తు కనబడక ఒక పన్ను తేడాతో బిగించిన బండి, స్టీరింగ్ వంకరగా పెడితేనే నిటారుగా పోతుంది.

నట్టుకి లాక్ వాషర్ ఉంటుంది, లేదా నట్టు అంచుని షాఫ్ట్ గాడిలోకి కొట్టి ఉంటారు. దాన్ని ముందు విప్పి, నట్టుని కొనదాకా వదులు చేయండి కానీ పూర్తిగా తీయకండి. పుల్లర్ బిగించి లాగండి. ఆర్మ్ ఒక్కసారిగా ఊడితే ఆ నట్టే దాన్ని ఆపుతుంది. ముందు రోజు రాత్రి డీజిల్ పట్టించి వదిలితే పని సులువు.

సుత్తితో కొట్టకండి. ఆ దెబ్బ ఆర్మ్‌తో ఆగదు, లోపల వార్మ్ గాడిలో తిరిగే బాల్స్ మీద, వార్మ్ గాడి మీద గుంటలు పడేస్తుంది. గ్యాస్‌తో ఎర్రగా కాల్చడం అంతకన్నా తప్పు. వేడి చేసిన డ్రాప్ ఆర్మ్ గట్టిదనం పోయి ఎప్పుడు వంగుతుందో తెలియదు.

సెక్టార్ షాఫ్ట్ బయటికి తీయడం

ఆర్మ్ తీసి, షాఫ్ట్ లోపలే ఉంచి కొక్కెంతో సీలు లాగి కొత్తది కొట్టే పద్ధతి ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసి ప్రెషర్‌తోనే పాత సీలుని బయటికి తోయించేవాళ్లూ ఉన్నారు. కొత్త బండికి మొదటి పద్ధతి సరిపోతుందేమో గానీ పాత లారీకి నేను ఒప్పుకోను. షాఫ్ట్ చూడకుండా సీలు మార్చడమంటే కారణం చూడకుండా మార్చడమే. రెండో పద్ధతిలో వేడి ఆయిల్ మనిషి మీదే చిమ్ముతుంది.

పైపుల కింద డబ్బా పెట్టి ఆయిల్ దించండి. పైపు కొనలకు, బాక్సు రంధ్రాలకు శుభ్రమైన ప్లాస్టిక్ కవర్లు కట్టండి. స్టీరింగ్ రాడ్డు యూనివర్సల్ జాయింట్‌కి గుర్తు పెట్టి విడదీసి, బాక్సుని ఛాసిస్ నుంచి దించండి. బరువు ఎక్కువ, ఇద్దరు ఉండాలి లేదా చైన్ బ్లాక్ వేయాలి. దించినప్పుడే ఛాసిస్ బ్రాకెట్‌లో పగుళ్లు ఉన్నాయేమో, బోల్టు రంధ్రాలు కోలగా అయ్యాయేమో చూడండి.

బల్ల మీద బాక్సు సెంటరులోనే ఉండాలి. అప్పుడే సెక్టార్ పళ్లు కవర్ రంధ్రంలోంచి బయటికి వస్తాయి. షాఫ్ట్ కింది కొనలో తుప్పుని, పళ్ల మీది గరుకుని ఇప్పుడే శుభ్రం చేసి టేపు చుట్టండి. లేకపోతే షాఫ్ట్ పైకి వస్తూ బుష్‌ని గీరేస్తుంది. అడ్జస్టింగ్ స్క్రూ నట్టు పైన ఎంత పొడుచుకు వచ్చిందో కొలిచి రాసుకోండి. సైడ్ కవర్ బోల్టులు తీసి, షాఫ్ట్ కింది కొన మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టితే కవరూ షాఫ్టూ కలిసి పైకి వస్తాయి. షాఫ్ట్ బయట ఉన్నంతసేపూ పై షాఫ్ట్‌ని తిప్పకండి, పిస్టన్ స్థానం మారిపోతుంది.

వార్మ్, పిస్టన్, బాల్స్ ఉన్న భాగం విప్పకండి. దానికి బెంచి, కొలతలు, టెస్టింగ్ ఉన్నవాళ్లే కావాలి. స్టీరింగ్ ఒక పక్కకు గట్టిగా, ఇంకో పక్కకు వదులుగా ఉన్న బండి అయితే లోపలి లీకు ఉన్నట్టే. అప్పుడు బాక్సు మొత్తం వాళ్లకే ఇవ్వండి.

పాత సీళ్లు తీస్తున్నప్పుడు వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేర్చండి: డస్ట్ సీలు, సర్‌క్లిప్, వాషరు, ప్రెషర్ సీలు. ఒక్కోటి ఏ పక్కకు తిరిగి ఉందో ఫోటో తీయండి. కొక్కెం సీలుకే తగలాలి, సీలు కూర్చునే గోడకి తగిలితే అక్కడే కొత్త లీకు.

షాఫ్ట్ ఏం చెబుతోందో చూడండి

అసలు పని ఇక్కడే. షాఫ్ట్‌ని తుడిచి వెలుతురులో పట్టుకోండి. సీలు అంచు తిరిగిన చోట మెరిసే వలయం కనిపిస్తుంది. దాని మీదుగా గోరు జార్చండి. గోరు ఆగకపోతే షాఫ్ట్ బాగున్నట్టు. గోరు తట్టుకుంటే గాడి పడింది, కొత్త సీలు నిలవదు. పల్చటి తుప్పు మరకలైతే 600 ఎమరీని ఆయిల్‌లో తడిపి షాఫ్ట్ చుట్టూ తిప్పుతూ రుద్దండి. పొడుగునా రుద్దకూడదు. పొడుగు గీత ఆయిల్‌కి కాలువ అవుతుంది.

గాడి పడితే కొత్త షాఫ్ట్ వేయడం మంచిది. పాత మోడల్‌కి దొరకకపోతే, అరిగిన చోట పల్చటి స్టీలు స్లీవు తొడగడం ఒక దారి. వెల్డింగ్ పోసి లేత్ మీద తిప్పించడం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఆ షాఫ్ట్ విరిగితే బండికి స్టీరింగే ఉండదు. పళ్ల మొదళ్లలో, ఆర్మ్ కూర్చునే పళ్ల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో డై పెనెట్రెంట్ కొట్టి చూడండి. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్లది కొడితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. గీత తేలితే ఆ షాఫ్ట్ తుక్కుకే.

తర్వాత బుష్ లేదా నీడిల్ బేరింగ్. షాఫ్ట్‌ని దాని స్థానంలో పెట్టి పక్కకు ఊపి చూడండి. చేతికి కదలిక తెలిస్తే బుష్ పోయినట్టే. బుష్ అరిగితే షాఫ్ట్ ఒక పక్కకు ఒరుగుతుంది, సీలుకి ఒక పక్క నలుగుడు, ఇంకో పక్క ఖాళీ. పాత సీలు అంచు ఒక వైపే అరిగి ఉంటే ఇదే కారణం. అంచు చుట్టూ గట్టిపడి గాజులా విరుగుతుంటే ఆయిల్ విపరీతంగా వేడెక్కిందని అర్థం. మెత్తగా ఉబ్బి జిగటగా ఉంటే ఎవరో తప్పు ఆయిల్ పోశారు. సీలు బాగానే ఉండి బయటికి నెట్టుకొచ్చి ఉంటే రిటర్న్ పైపుని అనుమానించండి. పాత రబ్బరు పైపు లోపలి పొర ఊడి అడ్డం పడుతుంది. పైకి పైపు కొత్తదానిలా కనిపిస్తుంది. నోటితో ఊదితే సులువుగా గాలి పోవాలి.

కొత్త సీలు కూర్చోబెట్టడం

బాక్సు లోపల శుభ్రమైన డీజిల్‌తో కడిగి, గాలి కొట్టండి. ప్రెషర్ సీలు అంచు ఆయిల్ ఉన్న వైపు, అంటే లోపలికి చూడాలి. డస్ట్ సీలు అంచు బయటికి. సీలుకి పోయబోయే ఆయిలే రాయండి, రెండు సీళ్ల మధ్య ఖాళీలో గ్రీజు నింపండి. పైపు ముక్క సీలు బయటి అంచు మీద ఆనేలా పెట్టి, నాలుగు పక్కలా సమానంగా దింపండి. సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చున్నట్టు వేలితో తిప్పి చూసుకోండి.

షాఫ్ట్ కింది కొన పళ్ల మీద పల్చటి ప్లాస్టిక్ టేపు చుట్టి ఆయిల్ రాయండి. కొత్త సీలు చిరిగేది ఎక్కువగా ఈ టేపు మానేసిన చోటే. సెక్టార్ మధ్య పన్ను పిస్టన్ మధ్య గాడిలోకి దిగాలి. కవర్‌కి కొత్త ఓ-రింగ్ వేసి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. టార్క్ మీ బాక్సు మాన్యువల్‌లో ఉన్నదే వేయండి.

పై సీలు కూడా కిట్‌లో ఉంటుంది, బాక్సు ఎలాగూ కిందే ఉంది కాబట్టి మార్చేయండి. పద్ధతి అదే. పై షాఫ్ట్ పక్కకు ఊగితే లోపలి బేరింగ్ పోయింది, అది సీలుతో తీరదు.

ప్లే (స్టీరింగ్ ఖాళీగా ఊగడం) సర్దడం

అడ్జస్టింగ్ స్క్రూని బాక్సు సెంటరులో ఉన్నప్పుడే తిప్పాలి. పళ్ల మధ్య బిగువు సెంటరులోనే ఎక్కువ ఉండేలా బాక్సు తయారవుతుంది. పక్కన ఎక్కడో పెట్టి బిగిస్తే సెంటరుకి వచ్చేసరికి పట్టేస్తుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట వెనక్కి రాదు. ముందు కొలిచి రాసుకున్న ఎత్తుకి పెట్టి, పై షాఫ్ట్‌ని సెంటరుకి అటూ ఇటూ తిప్పుతూ కొద్దికొద్దిగా సర్దండి. సెంటరు దాటేటప్పుడు చేతికి కొద్దిపాటి బిగువు తెలిస్తే చాలు. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి.

స్టీరింగ్ ప్లే మొత్తం ఈ స్క్రూతో తీసేయాలని చూడకండి. డ్రాగ్ లింక్ బాల్ జాయింట్లు, ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్లు అరిగిన ప్లేని బాక్సులో బిగిస్తే బాక్సు పోతుంది.

ఆయిల్ పోసి గాలి తీయడం

బాక్సు ఎక్కించి, గుర్తులు కలిపి డ్రాప్ ఆర్మ్ తొడిగి, నట్టుని మాన్యువల్ టార్క్‌కి బిగించి, కొత్త లాక్ వేయండి. నట్టు మీద నుంచి షాఫ్ట్ మీదికి ఎర్ర పెయింట్‌తో ఒక గీత గీయండి. యూనివర్సల్ జాయింట్ బోల్టు షాఫ్ట్ గాడిలోంచే పోయిందో లేదో కళ్లతో చూడండి.

రిజర్వాయర్ ఫిల్టర్ కొత్తది వేయండి. ఆయిల్ మూత మీదో మాన్యువల్‌లోనో రాసిన గ్రేడే, చాలా పాత లారీలకు అది ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్). గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ పోయొద్దు. లీకు ఆపే మందులూ వద్దు, అవి రబ్బరుని ఉబ్బించి నాలుగు రోజులు ఆపుతాయి, తర్వాత అన్ని సీళ్లనూ మెత్తబరుస్తాయి.

ముందు చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పది పదిహేనుసార్లు తిప్పండి. మట్టం తగ్గుతున్న కొద్దీ పోయండి. తర్వాత ఇంజన్ ఐడిల్‌లో ఉంచి మళ్లీ అదే పని. ఏ చివరా 5 సెకన్లకు మించి పట్టుకోకండి. రిజర్వాయర్‌లో నురగ, పాలరంగు కనిపిస్తే గాలి ఇంకా ఉంది. ఇంజన్ ఆపి అరగంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. ఈ పనికి తొందర పనికిరాదు.

దించిన పాత ఆయిల్‌ని గెడ్డలో పోయకండి. డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

రోడ్డు మీదికి

బాక్సుని మళ్లీ తుడిచి పౌడర్ చల్లి, చక్రాలు నేల మీద ఉండగా పూర్తిగా తిప్పి చూడండి. యాక్సిల్ మీది స్టాప్ బోల్టు తగలబోయే ముందు లిమిట్ వాల్వు ప్రెషర్ తగ్గించాలి. చివర్లో పంపు గట్టిగా అరుస్తుంటే ఆ సెట్టింగు చేయించాలి, లేదంటే కొత్త సీలు మీదే ఆ భారం పడుతుంది. ఖాళీ బండితో షీలానగర్ వైపు ఒక చుట్టు వేసి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట సెంటరుకి వస్తోందో లేదో గమనించండి.

డ్రైవరుకి రెండు మాటలు చెప్పి పంపండి: బండి కొద్దిగా కదులుతుండగానే స్టీరింగ్ తిప్పమని, సర్వీసింగ్‌లో బాక్సు మీద ప్రెషర్ నీళ్లు కొట్టనివ్వొద్దని. పోర్టు బండి అయితే డ్రాప్ ఆర్మ్ వెనక కనిపించే షాఫ్ట్‌ని గ్రీజింగ్ రోజున తుడిచి, పల్చగా గ్రీజు పూయమనండి. 8 ఏళ్లు దాటిన లారీకి ఎలాగూ ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంటుంది, దానికి ముందు వారం ఈ బాక్సు, జాయింట్లు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

మర్నాడు పొద్దున్న బండి కింద అట్ట ముక్క వేసి చూడండి. 50 కిలోమీటర్లకు ఒకసారి, 500 కిలోమీటర్లకు ఇంకోసారి డ్రాప్ ఆర్మ్ నట్టు మీది ఎర్ర గీత చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే బండి అక్కడే ఆపాలి. ఆర్మ్ తీసి పళ్లు చూశాకే మళ్లీ బిగించాలి.